విదేశీ చమురు కూటములు – మన పోటీ చట్టపు పరిధి

శేషాచల పాదమునందలి అలిపిరినుండి తిరుమలకు మొదటి కనుమదారి 1944లోను, రెండవది 1974లోను ఏర్పడినవి. ఈ రెండవ దారి వెలసిన నాటికే, 1973 అక్టోబరు మొదలుకొని కొలది నెలల వ్యవధిలో, ముడిచమురు పీపా వెల సుమారు మూడు డాలర్లనుండి పదకొండు డాలర్లను దాటియుండెను. 2022లో అలిపిరి డిపోకు విద్యుత్ బస్సులు వచ్చినను, మన రాష్ట్రమున ఆర్టీసీ ఇంకను ప్రధానముగ డీజిలు మీదనే నడచుచున్నది. ఆ డీజిలు ధరలో మన ప్రభుత్వముల పన్నులు గణనీయమగు భాగమే యైనను, ముడిచమురులో నూటికి ఎనుబదియైదు పాళ్లకు మించి విదేశములనుండి కొనుచున్న మనకు, అమ్మకందార్లు కూడబలుకుకొని మూలధరను నిలిపిరేని దానిని ప్రశ్నించుటకు మన చట్టమున తావు గలదా యనునది కొండయెక్కు ప్రతి ప్రయాణికుని టిక్కెట్టును అంటియున్న ప్రశ్న.

చమురు కూటమి అనగానే ఒపెక్ పేరు స్ఫురించుట సహజము. కాని 1960 సెప్టెంబరులో బాగ్దాదున ఐదు దేశములు ఆ సంస్థను స్థాపించుటకు మూడు దశాబ్దములకు పూర్వమే ప్రైవేటు కంపెనీల కూటమి యొకటి పుట్టెను. దానికి మన దేశపు కిరసనాయిలు వర్తకమే నిమిత్తమయ్యెను. 1927లో న్యూయార్కు స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ రష్యా సరకును కొని ఇచట అమ్మబూనగా, రాయల్ డచ్ షెల్ ధరలు తెగకోసి పోరు సలిపెను. ఆ పోరు ఇతర దేశములకు ప్రాకిన పిమ్మట, 1928లో స్కాట్లండునందలి ఆక్నకారీ కోటలో షెల్, ఆంగ్లో-పర్షియన్, న్యూజెర్సీ స్టాండర్డ్ ఆయిల్ అధిపతులు సమావేశమై, ఎవరి వాటా వారికే నిలుచునట్లు ఒడంబడిక చేసికొనిరి. చమురు ఎచట పుట్టినను అమెరికా గల్ఫు తీరపు ధరకు అచటినుండి ఓడకిరాయిని చేర్చి వెలకట్టు పద్ధతి దృఢపడినది. పొరుగుననే యున్న పర్షియానుండి వచ్చిన చమురునకు, అమెరికానుండి ఎన్నడును బయలుదేరని ఓడ కిరాయిని మనము చెల్లించితిమి. పేదవాని దీపమునకు పోసిన నూనెపై వేయబడిన ఈ అన్యాయపు సుంకమును తలచినపుడు నేటికిని మనసు కలతపడును.

స్వాతంత్ర్యానంతరము ఈ కథ విశాఖపట్టణమున కొనసాగినది. 1957లో అచట పని మొదలిడిన కాల్టెక్సు శుద్ధికర్మాగారమునకు, బొంబాయియందలి రెండు విదేశీ కర్మాగారములకువలెనే, ముడిచమురును తా మిచ్ఛించిన చోటనే కొను హక్కు ఒప్పందములవలన లభించియుండెను. కావుననే 1960లో సోవియట్ దేశము తక్కువ వెలకు చమురు ఇవ్వజూపగా మూడు కంపెనీలును దానిని శుద్ధిచేయ నిరాకరించినవి. అప్పటికి మనకు గుత్తాధిపత్య నిరోధక చట్టము లేదు. ప్రభుత్వము ఇండియన్ ఆయిల్ కంపెనీ ద్వారా సోవియట్ సరకును దిగుమతి చేయించి, దామ్లే సంఘముచేత ధరలను విచారింపజేసి, కడపట 1976లో కాల్టెక్సును స్వాధీనపఱచుకొనెను. కూటమి కంపెనీలదైనందుననే ఆ మార్గము ఫలించినది.

నేటి కూటమి రాజ్యములది. చిక్కంతయు ఇచటనే యున్నది. అమెరికాలో 1890 నాటి షెర్మన్ చట్టమును ఆశ్రయించి యంత్రకార్మికుల సంఘ మొకటి ఒపెక్‌పై దావా వేయగా, 1979లో కాలిఫోర్నియాయందలి న్యాయస్థానము సార్వభౌమ రాజ్యములకు గల రక్షణను చూపి కొట్టివేసెను. 1981లో అప్పీలు న్యాయస్థానము పరరాజ్యపు అధికారకార్యములను తాము విమర్శింపరాదన్న సూత్రముపై ఆ తీర్పును నిలిపెను. ఆ అడ్డును తొలగింప 2000 సంవత్సరమునుండి కాంగ్రెసులో పలుమార్లు ప్రవేశపెట్టబడిన బిల్లు నేటికిని చట్టము కాలేదు.

మన న్యాయచరిత్రలో దీనికి సన్నిహితమైనది సోడాయాష్ వివాదము. అమెరికా ఉత్పత్తిదారుల ఎగుమతి కూటమియగు అన్సాక్ అమ్మకములను 1969 నాటి చట్టము క్రింద ఏర్పడిన గుత్తాధిపత్య కమిషన్ నిషేధింపగా, 2002లో హరిదాస్ ఎక్స్‌పోర్ట్స్ తీర్పున సుప్రీంకోర్టు, సరకు మన దేశమున ప్రవేశించి ఇచట నిర్బంధ వ్యాపారము జరుగక పూర్వము కమిషన్ అడ్డుపడజాలదని నిర్ణయించెను. ఈ లోపమును పూరించునదే పోటీ చట్టమందలి 32వ సెక్షను: ఒప్పందము విదేశమున జరిగినను, ఒప్పందదారులు విదేశీయులైనను, మన విపణిలో పోటీకి గణనీయమగు హాని కలిగినచో కాంపిటీషన్ కమిషన్ విచారింపవచ్చును.

అధికారము లేదని ఇక వగవనక్కరలేదు. దానిని ఎచట ప్రయోగింపవలెనో నిర్ణయించుటయే మిగిలియున్నది. ఒక రాజ్యము తన భూగర్భమునుండి ఎంత చమురు తీయవలెనో నిశ్చయించుట రాజ్యకార్యమేయని అంగీకరింతము. ఆ చమురును దాని జాతీయ కంపెనీ ఏ షరతులపై అమ్ముచున్నదన్నది మాత్రము శుద్ధ వ్యాపారము. కొన్న సరకును మఱియొకరికి అమ్మరాదన్న నిబంధనయు, ఐరోపాకంటె ఆసియాకు హెచ్చువెల కట్టు 'ఆసియా ప్రీమియం' పద్ధతియు ఈ రెండవ కోవకు చెందినవి. రష్యా ప్రభుత్వ స్వామ్యమునందలి గాజ్‌ప్రోమ్‌పై ఐరోపా కమిషన్ 2012లో విచారణ తెరచి, 2018లో సరిహద్దులు దాటి వాయువును తిరిగి అమ్మరాదన్న అడ్డంకులను తొలగింపజేసినది. రష్యా రాజ్యమును బోనెక్కింపలేదు, కంపెనీ ఒప్పందములనే పరీక్షించినది. మన సుప్రీంకోర్టును 2011లో ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ కేసున, విదేశీ ప్రభుత్వ సంస్థ వ్యాపారమునకు దిగినపుడు సార్వభౌమ రక్షణ వెనుక దాగరాదని తేల్చియున్నది.

కావున కమిషన్ స్వయముగనే విచారణకు పూనుకొని, మన ప్రభుత్వరంగ శుద్ధికర్మాగారముల దీర్ఘకాలిక కొనుగోలు ఒప్పందములను తెప్పించి, 3వ, 4వ సెక్షన్లకు విరుద్ధములగు షరతులను ఏరుట సాధ్యము. దీనికి ఒక ఆటంకము మన చట్టముననే కలదు: ఎగుమతులకే పరిమితమైన మన వర్తకుల ఒప్పందములను 3వ సెక్షనులోని ఐదవ ఉపసెక్షను మినహాయించుచున్నది. ఇది ఉన్నంతకాలము, పరుల ఎగుమతి కూటమిపై మన వాదము కమిషన్ ముందు నెగ్గినను దౌత్యవేదికపై నిలువదు. మొదట సవరింపవలసినది ఆ ఉపసెక్షనునే.