రాణిగారి బండిలో మూడో తరగతి

పూనా, ముంబైల మధ్య రోజూ ఉద్యోగానికి వెళ్ళివచ్చేవాళ్ళకు దక్కన్ క్వీన్ రెండో ఇల్లు. మరాఠీవాళ్ళు ముద్దుగా 'దఖ్ఖన్‌చీ రాణీ' అంటారు. ఉదయం పూనాలో బయలుదేరి, సాయంత్రం ముంబై నుంచి తిరిగొస్తుంది. సీజన్ టికెట్టు మీద ఇరవైరెండేళ్ళు ఆ బండిలో తిరిగినవాణ్ణి నేను.

మా తాత కరీంనగర్ వైపునుంచి బొంబాయికి కామాటి పనికి వచ్చాడు. అట్లా వచ్చిన తెలుగు కూలీల వల్లనే అక్కడ కామాటిపురకు ఆ పేరు. ఆయన ఈ రైలును చివరిదాకా "దొరల బండి" అనే అన్నాడు. అందులో అబద్ధం లేదు. 1930 జూన్ 1న గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే దీన్ని మొదలుపెట్టినప్పుడు ఏడేసి పెట్టెల వరుసలు రెండుండేవి. ఒకటి వెండిరంగు, ఒకటి నీలం. రెండింట్లోనూ మొదటి, రెండో తరగతులే. 1949లో పాత మొదటి తరగతిని ఎత్తేసి, రెండోదానికే ఆ పేరు పెట్టారు. మూడో తరగతి వచ్చింది 1955 జూన్‌లో. అంటే స్వరాజ్యం వచ్చిన ఎనిమిదేళ్ళకు! ఆ ఏడే మా నాన్న మొదటిసారి ఎక్కాడు. తాతను రమ్మంటే రాలేదట.

బండి దొరలదైనా, అది నడిచే దారి కూలీలు వేసిందే. బోర్ ఘాట్ పని 1856లో మొదలై 1863లో ముగిసింది. కొండ తొలిచి 25 సొరంగాలు చేశారు. ప్రతి 37 అడుగులకు ఒక అడుగు ఎత్తెక్కే వాలు అది. ఒక దశలో 40 వేలమందికి పైగా అక్కడ పనిచేశారు. రోగాలకూ, ప్రమాదాలకూ ఎందరో బలైపోయారు. గుత్తేదారు సాలమన్ ట్రెడ్‌వెల్ 1859లో వచ్చిన కొద్దికాలానికే చనిపోతే, భార్య ఆలిస్ ఆ గుత్తను సాగించింది. ఆమె పేరు చరిత్రలో నిలిచింది, మంచిదే. రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు మాత్రం నిలవలేదు.

ఖండాలా దగ్గర రైలు వెనక్కు తిరిగి కొండెక్కే ఏర్పాటు 1929లో పోయింది. ఆ ఏడే పూనాదాకా కరెంటు లైను వచ్చింది. మరుసటి ఏడు రాణి వచ్చింది. 1966లో పెరంబూరు ఫ్యాక్టరీ ఉక్కుపెట్టెలు వచ్చి, ఏడు పెట్టెలు పన్నెండయ్యాయి. 2022లో మళ్ళీ కొత్త పెట్టెలు మార్చినా, భోజనశాల పెట్టెను వదల్లేదు.

సాయంత్రం కర్జత్‌లో వెనకనుంచి తోసే ఇంజన్లు తగిలిస్తారు. అప్పుడొక చిన్న కుదుపు. ఆ కుదుపుకు నాకు తాత గుర్తొచ్చేవాడు.

షోలాపూర్, భివండి, ముంబై తెలుగు ఇళ్ళలో రైలు పనుల ముచ్చట్లు ఇంకా మిగిలివుంటే, పెద్దలు ఉండగానే రాసిపెట్టండి.