సాగర్ రోడ్డులో నాణెం ఆట

బిహేవియరల్ ఎకనామిక్స్ గురించి మనం చదివే పుస్తకాలన్నీ దాదాపు ఒకే కథ చెప్తాయి. ఇజ్రాయెల్‌లో ఇద్దరు సైకాలజిస్టులు, డానియల్ కానమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ. 1979లో వాళ్ల ప్రాస్పెక్ట్ థియరీ. తర్వాత షికాగోలో రిచర్డ్ థేలర్. 2002లో ఒక నోబెల్, 2017లో ఇంకొకటి. కథలో తప్పేం లేదు. కానీ సరిగ్గా ఆ డెబ్భైల్లోనే, నాగోల్ నుంచి ఎల్బీనగర్ చౌరస్తాకొచ్చి సాగర్ రోడ్డు పట్టుకుంటే చేరే ఒక పాలమూరు పల్లెలో, ఒక స్విస్ ఆర్థికవేత్త రైతులతో నిజం డబ్బు మీద నాణెం ఆట ఆడించాడు. ఆ సంగతి పేపర్లలో ఉంది, పాపులర్ పుస్తకాల్లో దాదాపు లేదు.

ఆయన పేరు హాన్స్ బిన్స్‌వాంగర్. 1943లో పుట్టాడు. అమెరికాలో పీహెచ్‌డీ చేసి, పటాన్‌చెరులో 1972లో మొదలైన ఇక్రిశాట్‌కి వచ్చాడు. 1975 నుంచి జేమ్స్ ర్యాన్, ఎన్.ఎస్. జోధా లాంటి వాళ్లతో కలిసి మెట్ట ప్రాంతపు పల్లెల్ని ఏళ్ల తరబడి గమనించే పని పెట్టుకున్నాడు. మహారాష్ట్రలో నాలుగు ఊళ్లు, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో రెండు: ఔరేపల్లె, దోకూరు. (ఔరేపల్లె అని ఇంగ్లిష్ పేపర్లలోని స్పెల్లింగ్‌ని బట్టి రాస్తున్నాను. ఊరివాళ్లు క్షమించాలి.) ఊరికి 40 కుటుంబాలు: పది భూమిలేని కూలీలవి, మిగతా ముప్పై చిన్న, మధ్య, పెద్ద రైతులవి. మొత్తం 240.

అప్పట్లో నిపుణుల మధ్య నలిగిన ప్రశ్న ఇది. కొత్త విత్తనం, ఎరువు వచ్చినప్పుడు పెద్ద రైతు ముందుకెళ్తాడు, చిన్న రైతు ఆగిపోతాడు. ఎందుకు? చాలామందికి సిద్ధంగా ఉన్న జవాబు: పేదవాడికి భయం ఎక్కువ, అది వాడి స్వభావం. నిజంగా అంతేనా అని కొలిచి చూడాలనుకున్నాడు బిన్స్‌వాంగర్.

ముందు అందరూ చేసే పనే చేశాడు. "ఇలాంటి అవకాశం వస్తే ఏది తీసుకుంటావు?" అని ఊహాత్మకమైన ప్రశ్నలు అడిగించాడు. జవాబులు అడిగేవాడిని బట్టి మారాయి. అందుకని డబ్బు బయటికి తీశాడు.

ఆట ఇలా ఉంటుంది. కొన్ని ఎంపికలు ముందు పెడతారు, ఒకటి ఎంచుకోవాలి, తర్వాత నాణెం ఎగరేస్తారు. మొదటి ఎంపిక: బొమ్మ పడినా బొరుసు పడినా 50 రూపాయలు. ఇంకోటి: ఒకవైపు పడితే 45, రెండోవైపు పడితే 95. తర్వాత 40, 120. ఆపైన 30, 150. అలా వెళ్లి వెళ్లి 10, 190. చిట్టచివరిది 0, 200. కిందికి వెళ్లేకొద్దీ సగటు పెరుగుతుంది, గుండెదడ కూడా. చివరి రెండిటికీ సగటు ఒకటే, నూరు. అంటే 0, 200 పట్టుకున్నవాడికి జూదమే ఇష్టమన్నమాట. మొదట అర్ధరూపాయి స్థాయిలో ఆడించి, తర్వాత 5, తర్వాత 50కి పెంచాడు. 50 స్థాయి ఆటలో గెలవగలిగే గరిష్ఠ మొత్తం ఆ రోజుల్లో ఒక కూలీ నెల సంపాదన కంటే ఎక్కువ. ఇజ్రాయెల్‌లో విద్యార్థుల్ని "అనుకుందాం" అని అడిగిన ప్రశ్నలకీ దీనికీ తేడా అదే.

అర్ధరూపాయి దగ్గర ఎంపికలు చెల్లాచెదురుగా ఉన్నాయి. డబ్బు పెరిగేకొద్దీ దాదాపు అందరూ మధ్యలోకి చేరారు. పూర్తి భద్రత వద్దు, పూర్తి జూదమూ వద్దు. ఆస్తి ఉన్నవాడికి జంకు కాస్త తక్కువే, కానీ గణాంకపరంగా లెక్కలోకి రానంత తేడా. 1980లో అమెరికన్ జర్నల్ ఆఫ్ అగ్రికల్చరల్ ఎకనామిక్స్‌లో ఈ ఫలితం రాస్తూ ఆయన తేల్చింది ఇది: రైతుల పెట్టుబడుల్లో తేడాలకి కారణం ప్రధానంగా మనస్తత్వం కాదు. అప్పు దొరకడం, మార్కెట్ అందడం, సలహా అందడం లాంటి చోట్ల ఉన్న తేడాలే. మరుసటి ఏడాది ఎకనామిక్ జర్నల్‌లో, మనుషులు మొత్తం ఆస్తిని కాకుండా చేతికొచ్చే లాభనష్టాల్ని చూసి నిర్ణయిస్తారని ఇదే డేటాతో చూపించాడు. ప్రాస్పెక్ట్ థియరీ చెప్పింది కూడా అదే కదా.

ఈ ఫలితం నాకు ముఖ్యమెందుకంటే, మా ఆఫీసు లంచ్ టేబుల్ దగ్గర "పేదవాళ్లకి మైండ్‌సెట్ ఉండదు బ్రో" అనే మాట వారానికోసారైనా వింటాను. అదే టేబుల్ దగ్గర ఆప్షన్స్ ట్రేడింగ్ టిప్స్ కూడా నడుస్తుంటాయి. 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓలో చేయిపెట్టిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని సెబీ లెక్క తేల్చింది. ఔరేపల్లెలో ఆ మధ్య ఎంపికలు పట్టుకున్నవాళ్ల నిగ్రహం ముందు మన మైండ్‌సెట్ ఎక్కడ?

అయినా ఈ ప్రయోగంతో నాకొక పేచీ ఉంది. ఆ ఆటలో ఎవరూ జేబులోంచి ఒక్క పైసా పెట్టలేదు, అన్నిటికంటే చెడ్డ ఫలితం సున్నా. పేదవాడి డబ్బు ఓడించకపోవడం న్యాయమే. కానీ పాలమూరులో బోరు ఫెయిలైతే ఫలితం సున్నా దగ్గర ఆగదు, వడ్డీతో మొదలవుతుంది. అలాంటి చోట పెద్ద రైతూ చిన్న రైతూ ఒకేలా ఉంటారా? దీనికి జవాబు బిన్స్‌వాంగరే ఇచ్చాడు. 1993లో మార్క్ రోజెన్‌జ్వైగ్‌తో కలిసి ఇవే పల్లెల లెక్కలతో రాసిన పేపర్‌లో, వానల అనిశ్చితి పెరిగితే అట్టడుగు పావువంతు రైతుల లాభాలు 35 శాతం దాకా పడిపోతాయనీ, ధనిక రైతులకి దాదాపు ఏమీ కాదనీ తేలింది. మనసు ఒకటే, దెబ్బ వేరు. పేదవాడు దెబ్బ తగలకుండా చూసుకుని తక్కువ లాభం వచ్చే పంటకి సర్దుకుంటాడు. నా దృష్టిలో ఆయన పేపర్లలో మొట్టమొదట చదవాల్సింది ఇదే.

ఆ పల్లెల డేటా మీద ఎందరో బతికారు. రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ఊరివాళ్లు ఒకరి కష్టం ఇంకొకరు ఎంతవరకు పంచుకుంటారో లెక్కగట్టాడు. రోజెన్‌జ్వైగ్, ఓడెడ్ స్టార్క్ 1989లో, దూరపు ఊళ్లకి ఆడపిల్లల్నివ్వడం వాన రిస్కుని పంచుకునే పద్ధతి కూడా అని చూపించారు. ఈ ఊళ్లో ఎండితే వియ్యంకుడి ఊళ్లో పడొచ్చు. మా అమ్మమ్మని అడిగితే ఎకనోమెట్రిక్స్ లేకుండానే చెప్పేది.

2003లో మహబూబ్‌నగర్‌లో వాన బీమా వచ్చింది. మరుసటి ఏడాది జేవియర్ జినే, టౌన్‌సెండ్, జేమ్స్ వికరీ బృందం అక్కడి రైతులతో మళ్లీ బిన్స్‌వాంగర్ తరహా ఆటే ఆడించింది. జంకు ఎక్కువున్నవాళ్లే బీమా ఎగబడి కొనాలి. వాళ్లే తక్కువ కొన్నారు. తెలియని కంపెనీ కాగితం కూడా వాళ్ల కళ్లకి ఇంకో నాణెమే.

బిన్స్‌వాంగర్ ఎనభైల్లో ప్రపంచబ్యాంకుకి వెళ్లి భూసంస్కరణల మీద, ఆఫ్రికా వ్యవసాయం మీద పనిచేశాడు. తనకి హెచ్‌ఐవీ ఉందని దాచుకోలేదు. ఖరీదైన మందులు తనలాంటి ఉద్యోగులకే కాదు, ఆఫ్రికాలో లక్షల మందికి అందాలని వాదించాడు, 2001లో సైన్స్ పత్రికలోనూ రాశాడు. తర్వాత దక్షిణాఫ్రికాలో స్థిరపడి, పేరు చివర మ్‌ఖిజే అని చేర్చుకుని, అక్కడ ప్రొఫెసర్‌గా కొనసాగుతూ 2017లో పోయాడు. ఆయన మొదలుపెట్టిన పల్లెల సర్వే ఎనభైల మధ్యలో ఆగి, 2001లో అవే ఊళ్లలో మళ్లీ మొదలైంది.