పింగ్విక్యులా: జీర్ణరసం ఊరే ఆకు

మొక్కలు నేలనుండి నీటిని, లవణాలను పీల్చుకొని ఆకులలో ఆహారం తయారు చేసుకొంటవని మనమెరుగుదుము. అయితే ఆకు జంతుపదార్థాన్ని జీర్ణం చేసుకోగలదా? చేసుకోగలదని నిరూపించిన మొక్కలలో పింగ్విక్యులా ఒకటి.

ఐరోపాలోని పర్వతాలపై, ఉత్తరాది చిత్తడి నేలలలో పెరిగే చిన్న బహువార్షిక గుల్మమిది. దీని లేత పసుపుపచ్చ ఆకులు నేలకు ఆనుకొని చక్రంవలె పరచుకొంటవి. తాకితే నెయ్యి పూసినట్లు జిడ్డుగా ఉంటవి. లాటిన్ భాషలో ‘పింగ్విస్’ అనగా కొవ్వు. పేరు అందునుండి వచ్చినదే.

స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1732లో లాప్లండులో పర్యటించినాడు. అక్కడి ప్రజలు అప్పుడే పితికిన పాలను ఈ ఆకులమీదుగా వడబోసి, ఒకటి రెండు రోజులు కదల్చక ఉంచేవారు. పాలు చిక్కబడి తీగసాగేవి. వాటిలో కొంచెం తీసి, మనం తోడు వేసినట్లే, మరికొన్ని పాలలో కలిపేవారు. ఈ సంగతిని ఆయన 1737లో వెలువడిన లాప్లండు వృక్షగ్రంథంలో వివరించినాడు.

ఆకుపైని జిగురు మొక్కకు ఎందుకు? దీనిని పరీక్షించినవాడు చార్లెస్ డార్విన్. ఇంగ్లండులోని కంబర్లండు కొండలమీద ఈ ఆకులకు అనేక పురుగులు అంటుకొని ఉంటవని విని, ఆయన ఆసక్తి చూపినాడు. 1874 జూన్‌లో ఒక మిత్రుడు ఉత్తర వేల్స్ నుండి, ఏదో ఒకటి అంటుకొని ఉన్న 39 ఆకులను ఏరి పంపినాడు. వాటిలో 32 ఆకులపై 142 పురుగులున్నవి!

డార్విన్ ఆకులపై మాంసపు తునకలు, గుడ్డు తెల్లసొన, గాజుముక్కలు వేర్వేరుగా ఉంచి చూచినాడు. నత్రజని గల పదార్థాలు తగిలినపుడు రసం ఎక్కువగా ఊరి, ఆమ్లగుణం పొందినది. గాజుముక్కలకు ఆమ్లరసం రాలేదు. పురుగులను ఆకు అంచున వరుసగా ఉంచగా, అంచు మెల్లగా లోపలికి ముడుచుకొన్నది. ఈ ప్రయోగాలన్నీ 1875లో ప్రచురించిన ఆయన కీటకాహార మొక్కల గ్రంథంలో ఉన్నవి.

చిత్తడి నేలలో నత్రజని లవణాలు తక్కువ. ఈ మొక్క వేళ్ళు చిన్నవి. ఆ లోటును పురుగులు తీరుస్తవి. కాడగల గ్రంథుల జిగురు పురుగును పట్టుకొంటుంది. కాడలేని గ్రంథుల రసంలోని ఎంజైములు దానిని కరిగిస్తవి.

మరి పాలమాట? ఆకురసం పాలను విరిచే మాట నిజమే. కాని పాలు తీగసాగడం ముఖ్యంగా లాక్టికామ్లాన్ని తయారుచేసే బాక్టీరియా పని అని తరువాత తేలినది. అందుచేతనే ఆకు లేకున్నా తోడుతో పాలు మళ్ళీ తయారయ్యేవి. ప్రజల పరిశీలన సరియైనదే. కారణం తేల్చడానికి ప్రయోగం కావలసివచ్చినది.

ఈ ప్రజాతిలో తెల్లపూల పింగ్విక్యులా ఆల్పినా హిమాలయాలలో పెరుగుతుంది. ఇదే కుటుంబానికి చెందిన యుట్రిక్యులేరియా మన చెరువులలోనే కనిపిస్తుంది. నీటిలో తేలే ఆ మొక్క తిత్తులను భూతద్దంతో పరిశీలిస్తే, పురుగులను పట్టే మరొక ఉపాయం విద్యార్థుల కంటబడగలదు.