మోటబావి దగ్గర మా పెద్దలు

1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెయింట్ పాల్స్ దేవాలయములో వేదనాయకము శామ్యూల్ అజరయ్య గారు బిషప్పుగా అభిషేకము పొందినారు. ఆంగ్లికన్ సంఘములో ఆ పదవిని పొందిన మొదటి భారతీయుడు ఆయనే. తిరునెల్వేలి సీమకు చెందిన తమిళుడైనను, 1909లో మిషనరీగా డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకొని, 1945 జనవరి 1న కన్నుమూసే వరకు ఈ ప్రజల మధ్యనే జీవించినారు. ఆనాడు ఈ ప్రాంతము నిజాము రాష్ట్రములోనిది. ఇప్పుడు మహబూబాబాదు జిల్లాలో ఉన్నది.

ఈ సంగతులు మన అధ్యక్ష మండలపు చరిత్ర వ్రాసిన వారందరు వ్రాసియున్నారు. అయితే ఆ చరిత్ర మారుమూల పల్లెలలో ఎట్లు నడిచినదో వ్రాసినవారు తక్కువ. దానికి కారణము కూడ కనబడుచునే యున్నది. అక్షరము తెలిసినవాడు ఊరికి ఒక్క ఉపదేశి గారు మాత్రమే. మిగిలినవారందరు పొలములో ఉండేవారు. అందుచేత మా తాతయ్య, నాయనమ్మ, మేనత్త, పెద్దనాయన నోట విన్నవి, మేము అన్నదమ్ములము అక్కచెల్లెండ్రము చిన్ననాట కండ్లతో చూచినవి కొన్ని ఇక్కడ వ్రాస్తున్నాము. ఇవి మా ఇంటి సంగతులే అయినను, చదువరులలో చాలమంది ఇండ్లలో ఇట్టివే ఉండునని మా నమ్మకము.

మా తాతయ్య తోలుపని చేసేవాడు, వ్యవసాయపు జీతగాడు కూడ. ఈ తరము పిల్లలకు మోట అంటే తెలియదు గనుక చెప్పవలసి యున్నది. బావి గట్టున గిలక, దాని మీదుగా మోకు, మోకు చివర పెద్ద తోలు బొక్కెన ఉండేవి. ఎడ్లు వాలులోకి దిగుతుంటే నీటితో నిండిన బొక్కెన పైకి వచ్చును. దానికి అడుగున ఏనుగు తొండము వంటి తోలు గొట్టము ఉండును. నీళ్ళు దానిలోనుండి తొట్టిలో పడి కాలువకు పోవును. ఎడ్లు వెనుకకు నడచి గట్టెక్కితే బొక్కెన మరల బావిలోకి దిగును. ఎడ్లకు భారము తగ్గించుటకు తోలేవాడు మోకు మీద కూర్చుండి వాలులోకి దిగేవాడు. మా తాతయ్య అట్లు కూర్చుండి దిగుతూ పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు పాడుచుంటే, ఎక్కేటప్పుడు ఒక చరణము, దిగేటప్పుడు ఒక చరణము సరిగా సరిపోయేవి. ఎన్ని బొక్కెనలు తోడినాడో లెక్క కూడ కీర్తనలతోనే చెప్పేవాడు. "ఈ మడికి ఆరు కీర్తనల నీళ్ళు చాలు" అనేవాడు.

ఆ బొక్కెనను కుట్టినదీ తాతయ్యే. పచ్చితోలును సున్నపు నీళ్ళలో నానబెట్టి, వెంట్రుక తీసి, తంగేడు చెక్క, కరక్కాయ వేసిన లందలో ఊరబెట్టేవారు. ఆ వాసనను బట్టియే ఊరివారు మా వాడకు దూరముగా నడిచేవారు. కాని ఆ వాసన లేకపోతే ఊరిలో ఒక్క మడి కూడ తడిసేది కాదు. ఈ మాట మా పెద్దనాయన తరచుగా అనేవాడు, కొంచెము కోపముతోనే అనేవాడు. దొర బావులకు బొక్కెనలు, మోకులు, ఇంటిల్లిపాదికి చెప్పులు, ఇవన్నియు వెట్టిగా ఇచ్చుకోవలసినవే. కూలి అని అడుగుటకు లేదు.

మా తాతయ్య బాల్యములో మా వాడలోని పది పన్నెండు కుటుంబములు బాప్తిస్మము పొందినవి. సువార్త చెప్పకపోతే తనకు శ్రమ అని పౌలు పలికిన మాటను, బాప్తిస్మము పొందేవారు తమ తలమీద చెయ్యి పెట్టుకొని పలుకవలెనని అజరయ్య గారు నియమించియున్నారు గదా. తాతయ్య కూడ అట్లే పలికినాడట. ఆ తరువాత వచ్చిన మొదటి చిక్కు ఆదివారపు చిక్కు. ఆరాధన దినమున మోట కట్టమని పెద్దలు నిర్ణయించుకొన్నారు. "పైరు ఎండితే మీ దేవుడు వాన కురిపిస్తాడా?" అని దొర అడిగినాడట. జీతపు జొన్నలు ఆపివేసినారు. రెండు నెలలు మా నాయనమ్మ తునికి పండ్లు, ఇప్పపువ్వు, చెరువు గట్టు ఆకుకూరలతో సంసారము నడిపినది. ఇప్పపువ్వును వేయించి దంచి ముద్దలు చేసి పిల్లలకు పెట్టేదట.

ఆ తగవు తీరిన విధము మాకు ఎంతో ఇష్టమైన కథ. శనివారము చీకటి పడగానే మోట కట్టి, తెల్లవారేవరకు తోడి, ఆదివారమునకు కావలసిన నీళ్ళు కూడ మడులలో నింపి, కోడి కూసిన తరువాత ఎడ్లను విప్పి, అదే బావి దగ్గర స్నానము చేసి, ప్రార్థనకు పోయేవారు. వెన్నెల లేని వారములలో నాయనమ్మ లాంతరు పట్టుకొని మడికీ కాలువకూ మధ్య నిలిచి నీళ్ళు మళ్ళించేది. దొరకు ఇక అనుటకు మాట లేకపోయినది. ఒక సంవత్సరము కాదు, రెండు కాదు, అట్లు ఎన్నో ఏండ్లు జరిగినది. ఆదివారము ప్రసంగములో తాతయ్య కునుకు తీసేవాడని నాయనమ్మ నవ్వుతూ చెప్పేది. ఉపదేశి గారు చూచియు లేపేవారు కాదట. ఆ ఉపదేశి గారు మంచివారని ఈ ఒక్క సంగతి చాలును.

1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ పోరాటపు రోజుల తరువాత మా ఊరిలో వెట్టి పోయినది. మేము పుట్టేనాటికి మా వాడకు సొంతముగా కొన్ని చెలకలు, ఉమ్మడిగా ఒక బావి కలిగినవి. కాని శనివారము రాత్రి మోట మాత్రము పోలేదు. అడిగేవాడు లేకపోయినను తాతయ్య ఆ అలవాటు మానలేదు. మేమందరము గొంగళ్ళు తీసుకొని బావి గట్టుకు పోయి పండుకొనేవారము. గిలక కిర్రుమనే చప్పుడు, తొట్టిలో నీళ్ళు దబ్బున పడే చప్పుడు, వాటి మధ్య తాతయ్య పాట వినుచు నిద్రపోయేవారము. తెల్లవారుజామున మేనత్త వచ్చి, మంచుకు తడిసిన గొంగళ్ళు దులిపి మమ్మును లేపేది.

ఈ మేనత్త చిన్ననాడే భర్తను పోగొట్టుకొని మా ఇంటికి వచ్చినది. అక్షరము రాదు, కాని కీర్తనల పుస్తకములో సగము కంఠస్థము. మేకలను కాయుటకు మమ్మును వెంట తీసుకొనిపోయి, పరికి పండ్లు, సీతాఫలములు ఎక్కడ ముందుగా పండునో చూపించేది. మోదుగాకులు కోయించి విస్తళ్ళు కుట్టించేది. యోసేపు కథ, రూతు కథ మేము మొదట విన్నది ఆదివారపు బడిలో కాదు, ఆమె నోట, మేకల వెనుక. రూతు పరిగె ఏరుకొన్న సంగతి చెప్పుచు తానును కోసిన చేనులో జొన్న కంకులు ఏరేది. బోయజు చేను మా ఊరి చెరువు క్రిందనే ఉన్నదని మా చెల్లెలు చాలకాలము నమ్మినది.

డోర్నకల్ కతీడ్రల్ ప్రతిష్ఠ 1939 జనవరి 6న, ప్రత్యక్షతా పండుగనాడు జరిగినది. మా నాయన అప్పటికి పదేండ్ల పిల్లవాడు. మా ఊరినుండి మూడు బండ్లు కట్టుకొని రెండు దినములు ప్రయాణము చేసినారు. రాత్రి ఒక చింతతోపులో దిగి, మూడు రాళ్ళు పెట్టి గటక వండుకొని, చలికి మంట చుట్టూ కూర్చుండి పెద్దనాయన చేత కోలాటపు పాటలు పాడించుకొన్నారట. గుమ్మటములు, రాతి స్తంభములు కలిసిన ఆ కట్టడమును చూచి, "ఇది మసీదు వలె ఉన్నది, గుడి వలె ఉన్నది, మనది వలె కూడ ఉన్నది" అని నాయనమ్మ అన్నదట. ఆ కట్టడమును గూర్చి పెద్ద పుస్తకములలో మేము చదివినదానికి ఇది ఏమాత్రము తీసిపోదని మా అభిప్రాయము.

పిడికెడు గింజల సంగతి చెప్పక మానరాదు. పొయ్యి ప్రక్కన ఒక చిన్న కుండ ఉండేది. ప్రతి పూట వండుటకు జొన్నలు తీయగానే మొదటి పిడికెడు ఆ కుండలో పడేది. ఇంట్లో నిండా గింజలున్న నాడు పడుట గొప్ప కాదు. జీతపు జొన్నలు ఆగిన ఆ రెండు నెలలలో కూడ నాయనమ్మ కుండను ఖాళీగా పంపలేదు. జొన్నలు లేకపోతే ఎండిన ఇప్పపువ్వు వేసినదట. అది తీసుకొని ఏమి చేయవలెనో ఉపదేశి గారికి తోచలేదట! కోతపండుగనాడు గుమ్మడికాయలు, కోళ్ళు, జొన్న కట్టలు బలిపీఠము ముందు పెట్టేవారు. ఆరాధన తరువాత వేపచెట్టు క్రింద వేలము. ఒక కోడిగ్రుడ్డును పాడినవాడు మరల సంఘమునకే ఇచ్చివేసేవాడు. అట్లు ఒకే గ్రుడ్డు ఐదారు చేతులు మారేది. నాయనమ్మ పెట్టిన కోడిని తాతయ్యే పాడి ఇంటికి తెచ్చేవాడు. ఆ కోడిని మరి కోసేవారు కాదు. ఈనాడు మనము కవరులో నోటు పెట్టి ఇస్తున్నాము. తప్పని అనము గాని, వేలములో వినబడే నవ్వులు కవరులో పట్టవు.

1970 తరువాత మా ఊరికి కరెంటు మోటార్లు వచ్చినవి. తాతయ్య చివరి బొక్కెన దూలానికి వ్రేలాడి ఎండిపోయి, ఒక వానాకాలము ఎలుకల పాలైనది. తాతయ్య మొదట పోయినాడు, ఆరేండ్లకు నాయనమ్మ. ఆమె పోయినది ఒక బుధవారము, జొన్నకోతల దినములలో. సమాధి కార్యక్రమము ముగిసి ఇల్లు అలికేటప్పుడు మేనత్త పొయ్యి ప్రక్కన కుండను తీసి చూచినది. ఆదివారము సాయంత్రము నుండి మంగళవారము రాత్రి వరకు వేసిన పిడికిళ్ళు దానిలో ఉన్నవి. శనివారము వరకు మిగిలిన పూటలకు తన చేతితో పోసి, ఆదివారము గుడికి తీసుకొనిపోయినది.