పింగాణి సామాను, గోధుమవన్నె, గంధకము

అటకమీదినుండి దించిన ఇత్తడి బిందెకో, మరచెంబుకో ఫోటో తీసి దానికి గోధుమవన్నె కూర్చుట నేడు పలువురకు ముచ్చట. సెల్‌ఫోనులో ఒకచోట వ్రేలు తాకించిన చాలును, ఆ వన్నె వచ్చును. దానికి సేపియా అని పేరు. పాతకాలపు ఫోటోలు ఏండ్లు గడచుటచే మాగి గోధుమవన్నెకు తిరిగినవని సామాన్యముగా అనుకొందురు. ఇది సరికాదు. వానిలో అనేకము పుట్టుకతోనే గోధుమవన్నెవి. వయస్సు వానికి తెచ్చిన చేటు వేరు: అవి వెలిసిపోయినవి.

పాత ఇంటిసామానును ఫోటో తీయుట కూడ క్రొత్త వేడుక కాదు. ఇంగ్లండులోని విల్ట్‌షైరు మండలమున లేకాక్ ఆబీ అను పురాతన భవనములో విలియమ్ హెన్రీ ఫాక్స్ టాల్బట్ (1800–1877) నివసించెను. కాగితముపై నెగెటివు తీసి, దానినుండి ఎన్ని ప్రతులైనను తీయు పద్ధతిని కనిపెట్టినవాడు ఇతడే. 1844 నుండి 1846 వరకు ఇతడు ‘ది పెన్సిల్ ఆఫ్ నేచర్’ అను గ్రంథమును ఆరు భాగములుగా వెలువరించెను. అందులో 24 చిత్రములు కలవు. అవి యంత్రముపై అచ్చొత్తినవి కావు; ఎండలో తీసిన అసలు ఫోటోలనే ప్రతి పుస్తకములోను అతికించిరి. మూడవ చిత్రము అరలలో బారులు తీర్చిన పింగాణి సామాను. నాల్గవది గాజు సామాను.

టీ కూజాలను, కప్పులను చిత్రించుటలో టాల్బట్ ఉద్దేశము అందము మాత్రమే కాదు. వింత ఆకారముగల వస్తువులను మాటలలో వర్ణించి జాబితా వ్రాయుట కష్టము. కెమెరాకు ఒక వస్తువైనను నూరు వస్తువులైనను ఒకటే శ్రమ. ఆ సామానును దొంగ ఎత్తుకొనిపోయినచో, ఈ మూగచిత్రమును న్యాయస్థానములో సాక్ష్యముగా పెట్టవచ్చునేమో అని కూడ అతడు సూచించెను. ఈ సాక్ష్యపు విలువ మన దేశములోను త్వరలోనే తెలిసివచ్చెను. అమరావతి స్తూపపు శిల్పములు మద్రాసులో ఉండగా లిన్నేయస్ ట్రైప్ 1858లో వానికి ఫోటోలు తీసెను. మరుసటి సంవత్సరమే ఆ శిల్పములను ఓడకెక్కించి లండనుకు పంపిరి.

టాల్బట్ కాగితము తయారగు తీరు సులభమైనదే. ఉప్పునీట తడిపి ఆరబెట్టిన కాగితమునకు సిల్వర్ నైట్రేటు ద్రావణమును పూసినచో అందులో సిల్వర్ క్లోరైడు ఏర్పడును. దానిపై నెగెటివును పరచి ఎండలో ఉంచగా, వెలుతురు సోకినచోట లోహపు వెండి విడివడును. ఈ రేణువులు మిక్కిలి సూక్ష్మములు. ఇవి నీలపు వెలుతురును ఎక్కువగా మ్రింగును గనుక చిత్రము ఎరుపు కలిసిన గోధుమవన్నెగా కనిపించును. రసాయనముతో డెవలప్ చేసిన తరువాతి కాలపు ఫోటోలలో వెండి పోగులు చిక్కుపడినట్లు పేరుకొనును. అందుచే అవి నల్లగా ఉండును.

నాటి నెగెటివు కాగితమునకు మరియొక లక్షణము కలదు. నీలము దానికి ఇంచుమించు తెలుపుతో సమానము; ఆకుపచ్చ మిక్కిలి మందముగా పనిచేయును; ఎరుపు దాదాపు కనిపించదు. తెల్లని పింగాణిని, గాజును ఒకేచోట పెట్టి తీసినచో, గాజు రూపు కట్టకముందే పింగాణి చిత్రము పూర్తియగునని టాల్బట్ గుర్తించెను. తళతళలాడు రాగిచెంబును ఆ కాగితముపై తీసినచో అది ముదురు నీడవలె పడవలసినదే. ఫిలిమునకు రంగుల చూపు నిచ్చు అద్దకములను హెర్మన్ ఫోగెల్ 1873లో కనుగొన్న తరువాతనే ఈ లోపము క్రమముగా తీరెను. కావున కేవలము గోధుమరంగు పూసినంతమాత్రమున పాత ఫోటో పోలిక రాదు. నలుపు తెలుపు ఫిలిముతో తీయువారు కటకము ముందు నీలపు గాజు నుంచినచో ఆ పోలిక కొంత వచ్చును.

ఇక వెలిసిపోవుట సంగతి. వెలుతురు సోకని సిల్వర్ క్లోరైడును తొలగించుటకు హైపో వాడుదురు. వెండి లవణములను అది కరిగించునని జాన్ హెర్షెల్ 1819లోనే కనిపెట్టియుండెను. అయితే హైపోలో గంధకము కలదు. కాగితమును చాలినంత కడుగనిచో మిగిలిన హైపో క్రమముగా విచ్ఛిన్నమై, సన్నని వెండి రేణువులను పాడుచేయును. చిత్రము పసుపువారి, పలుచబడి, చివరకు జాడ మాత్రము మిగులును. టాల్బట్ గ్రంథపు ప్రతులలోనే అనేక చిత్రములు ఇట్లు పాడైనవి. సాక్ష్యము చెప్పవలసిన చిత్రమే మాయమైనచో ఏమి ప్రయోజనము? లండనులోని ఫోటోగ్రాఫిక్ సొసైటీ 1855లో దీనికై ఒక సంఘమును నియమించెను. మిగిలిన హైపో ముఖ్యదోషి యనియు, తేమ, పొగగాలిలోని గంధకము దానికి తోడగుననియు సంఘము తేల్చెను. బాగుగా కడుగుట, చిత్రమునకు బంగారు లవణముతో పుటమిచ్చుట అది సూచించిన మార్గములు.

విచిత్రమేమనగా, తరువాత అదే గంధకము రక్షకమయ్యెను. సేపియా పద్ధతిలో నల్లని ఫోటోను మొదట పొటాసియమ్ ఫెర్రిసయనైడు, పొటాసియమ్ బ్రోమైడు కలిపిన ద్రావణములో ముంతురు. వెండి సిల్వర్ బ్రోమైడుగా మారును. చిత్రము కంటి ఎదుటనే అదృశ్యమగును. మొదటిసారి చూచువారి గుండె ఇక్కడ గుభేలుమనును! కడిగిన తరువాత సోడియమ్ సల్ఫైడులో ముంచగా అది గోధుమవన్నెతో తిరిగి వచ్చును. ఇప్పుడది సిల్వర్ సల్ఫైడు. ఇంటిలో వెండిగిన్నెపై పట్టు నల్లని పొరయు ఇదియే. పాత ఫోటోలో ఈ మార్పు తేమలో, ఎగుడుదిగుడుగా, ఏండ్ల తరబడి జరిగెను. ఇక్కడ చిత్రములోని వెండి అంతయు ఒక్కమారుగా మారి, మిగులు రసాయనములు కడిగివేయబడును. గాలిలోని గంధకము క్రొత్తగా పాడుచేయుటకు ఏమియు మిగులదు. కుళ్లిన గ్రుడ్ల వాసన వచ్చుటచే ఈ పనిని గాలి వీచుచోట చేయవలెను. సోడియమ్ సల్ఫైడులో ఆమ్లము పడినచో ప్రాణాంతకమైన విషవాయువు వెలువడును.

సేపియా యనునది నిజమునకు ఒక సముద్రజీవి పేరు. శత్రువు వెంటబడినపుడు సిరా చిమ్మి తప్పించుకొనును. బంగాళాఖాతములోను ఈ జాతి కలదు. ఆ సిరాతో పూర్వము చిత్రకారులు బొమ్మలు వేసిరి. ఫోటోలకు రంగు పోలికవలన పేరు మాత్రమే అంటినది, సిరా అంటలేదు.

సెల్‌ఫోను సేపియాలో సిరాయు లేదు, గంధకమును లేదు. అది తెరమీది రంగుల లెక్క. కాగితముపై దింపినచో దాని మన్నిక ఆ యంత్రపు రంగులను, కాగితమును బట్టి యుండును. పైగా ఆ వన్నెలో రాగిచెంబు, ఇత్తడిచెంబు ఒక్కతీరుగా కనిపించును. తాతలనాటి సామానుకు గుర్తుగా ఫోటో తీయువారు మొదట రంగులలో, ప్రక్కన కొలబద్దతో ఒకటి తీసి భద్రపరచి, తరువాత సేపియా వేడుక తీర్చుకొనుట మేలు.