సోవియట్ ఫిల్మ్ కెమెరాల సేకరణ

సోవియట్ ఫిల్మ్ కెమెరాల సేకరణ అనగా పూర్వపు సోవియట్ యూనియన్‌లో తయారైన కెమెరాలను, కటకాలను వెదకి, బాగుచేయించి, భద్రపరచే అభిరుచి. హైదరాబాదులో పురానాపూల్ సమీపాన గురువారాలలో జరిగే జుమేరాత్ బజారు (ఉర్దూలో జుమేరాత్ అనగా గురువారం), ఎర్రగడ్డ ఆదివారపు సంత పాత సామానుకు పేరుపొందినవి. ఇటువంటి చోట్ల కెమెరా కొనేవారు ముందుగా తేల్చుకోవలసినది, దానిపై చెక్కిన పేరు అసలైనదా కాదా అన్నది.

తెలుగు ప్రాంతంతో సంబంధం

1960లలో సోవియట్ సహాయంతో హైదరాబాదు బాలానగర్‌లో ఐడీపీఎల్ ఔషధ కర్మాగారం ఏర్పడినది. విశాఖ ఉక్కు కర్మాగారానికి 1979లో ఒప్పందం కుదిరినది. సోవియట్ జలాంతర్గాములలో శిక్షణ పొందిన భారత నావికులు విశాఖకు వచ్చారు. సేకర్తకు దీనితో పని ఉన్నది. ఎగుమతి కెమెరాలపై పేరు ఆంగ్ల లిపిలోను, స్వదేశపు అమ్మకానికి చేసినవాటిపై రష్యన్ లిపిలోను ఉండేది. కనుక ఇక్కడ దొరికిన కెమెరాపై రష్యన్ అక్షరాలుంటే, అది దుకాణం ద్వారా గాక ఎవరి పెట్టెలోనో వచ్చి ఉండవచ్చునని ఊహించవచ్చు.

ముఖ్యమైన రకాలు

వీటిలో ఫెడ్ కథ ఆసక్తికరమైనది. ఖార్కివ్ నగరంలో (నేటి ఉక్రెయిన్) విద్యావేత్త అంతోన్ మకరెంకో నడిపిన అనాథ బాలల కమ్యూన్‌లో, జర్మనీ లైకా-2కు నకలుగా 1934లో దీని ఉత్పత్తి మొదలైనది. వీధిబాలలకు పనిముట్లిచ్చి అంత సూక్ష్మమైన యంత్రాన్ని చేయించడం ఏ ఉపాధ్యాయునికైనా ఆశ్చర్యం కలిగించును. యుద్ధంలో ఆ కర్మాగారం దెబ్బతినగా, మాస్కో వద్ద క్రాస్నోగోర్స్క్‌లో 1948 నుండి అదే నమూనా జోర్కి పేరుతో వెలువడినది. కీవ్ కెమెరాకు మూలం జర్మనీ కాంటాక్స్; యుద్ధపరిహారంగా తెచ్చిన యంత్రాలతో దానిని చేశారు. 1965లో వచ్చిన జెనిత్-ఇ, లెనిన్‌గ్రాడ్ వారి లుబితేల్, స్మెనా చౌకైనవి, నేటికీ సులభంగా దొరుకునవి.

నకిలీ లైకాలు

ఫెడ్, జోర్కిల పాత పేరు చెరిపి, లైకా అని చెక్కి, బంగారు పూతతోను, జర్మన్ సైనిక చిహ్నాలతోను అమ్మడం ప్రపంచమంతటా ఉన్న మోసం. కటకం విప్పి లోపల చూడవలెను. రేంజ్‌ఫైండర్‌ను కదిపే చిన్న మీట కొనకు అసలు లైకాలో గుండ్రని చక్రం ఉండును. ఫెడ్, జోర్కిలలో కోణాకారపు లోహపు ముక్క ఉండును. కొన్నవారి డబ్బు పోవడం ఒక నష్టం. ఆ బాలల పనితనపు గుర్తు చెరిగిపోవడం అంతకంటె పెద్ద నష్టం, అది తిరిగి రాదు.

కొనుటకు ముందు పరీక్ష

క్రాస్నోగోర్స్క్ కెమెరాలలో క్రమసంఖ్య మొదటి రెండు అంకెలు సాధారణంగా తయారైన సంవత్సరాన్ని తెలుపును. ఫెడ్‌లకు ఈ సూత్రం వర్తించదు. కటకం తీసి, వెనుక మూత తెరిచి, షట్టర్ గుడ్డకు ఎదురుగా దీపం పట్టినచో సూదిబెజ్జాలు బయటపడును. జోర్కి-4 వంటి వాటిలో ఫిల్మ్ తిప్పే గుండీని పూర్తిగా తిప్పిన తరువాతనే షట్టర్ వేగం మార్చవలెను. ముందుగా మార్చినచో లోపలి యంత్రం చెడును. సంతలో తెలియక ఇట్లే తిప్పి చూచేవారు ఎక్కువ. జెనిత్-ఇ కాంతిమాపకానికి బ్యాటరీ అక్కరలేదు గాని, అందులోని సెలీనియం ఏళ్ళు గడిచేకొద్దీ బలహీనపడును.

కోస్తా జిల్లాల తేమ వలన కటకాలకు బూజు పట్టును. తోలు సంచిలో మూసి ఉంచిన కెమెరాకు ఇది త్వరగా సోకును. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, నెలకొకసారి షట్టర్ పనిచేయించుట సేకర్తల అలవాటు.