ఖుమార్: మద్యం తరువాతి దేహబాధ - ఇస్లామీయ చరిత్ర సాక్ష్యం

మద్యపానాన్ని గురించి వ్రాసేవారు సాధారణంగా మత్తును గురించే వ్రాస్తారు. మత్తు దిగిన తరువాతి పూటను గురించి వ్రాసేవారు తక్కువ. తల పగిలిపోతున్నట్లు ఉండడం, ఒళ్ళంతా కొట్టినట్లు నొప్పులు, పిక్కలు పట్టివేయడం, చేతులు వణకడం - త్రాగినవాని ఇంట మరునాటి ఉదయం కనిపించే ఈ అవస్థకు అరబ్బీ భాషలో ఒకే మాట ఉన్నది. అది ‘ఖుమార్’. మద్యానికి పేరైన ‘ఖమ్ర్’ ఏ ధాతువు నుండి పుట్టిందో, ఇదీ ఆ ధాతువు నుండే పుట్టింది. కప్పివేయడం ఆ ధాతువుకు గల అర్థాలలో ఒకటి. బుద్ధిని కప్పివేసేదల్లా ఖమ్రే అని రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ (ర) ప్రసంగ వేదిక మీద నుండి వివరించినట్లు హదీసు గ్రంథాలు తెలుపుతున్నవి.

ఈ మాట పారశీకంలోకి, ఉర్దూలోకి ప్రయాణించి, కవుల చేతిలో అరమోడ్పు కన్నుల సోయగంగా మారిపోయింది. వైద్యుల గ్రంథాలలో మాత్రం అది బాధకు పేరుగానే నిలిచింది. ఆ బాధను గురించి దైవగ్రంథం, వైద్యశాస్త్రం, రాజుల స్వీయచరిత్రలు ఏమి చెప్పినవో ఒకచోట చేర్చి చూస్తే, ఇస్లామీయ సమాజాల చరిత్రను గురించిన రెండు అపోహలు తొలగిపోతాయి. నిషేధం వచ్చిన నాటి నుండి ముస్లిములెవరూ మద్యం ముట్టలేదనేది మొదటి అపోహ. రాజులూ పండితులూ త్రాగారు గనుక నిషేధం కాగితానికే పరిమితమనేది రెండవది.

నిషేధానికి ముందే చెప్పిన మాట

మద్యనిషేధం మదీనాలో దశలవారీగా వచ్చిందన్నది తెలిసిన విషయమే. మద్యంలోనూ జూదంలోనూ పెద్ద పాపమున్నది, జనులకు కొన్ని లాభాలూ ఉన్నవి, అయితే లాభం కంటె పాపమే పెద్దదని అల్ బఖరా సూరాలోని 219వ ఆయత్ తెలిపింది. మత్తులో ఉన్నప్పుడు నమాజుకు చేరువ కావద్దని అన్నిసా సూరా 43వ ఆయత్ ఆదేశించింది. అల్ మాయిదా సూరాలోని 90, 91 ఆయత్‌లు దానిని పూర్తిగా వర్జించమన్నవి.

అంతగా గమనానికి రాని విషయం మరొకటి ఉన్నది. ఈ ఆదేశాల కంటె ముందు, మక్కాలో అవతరించిన సూరాలలోనే మద్యానంతర బాధ ప్రస్తావన వచ్చింది. స్వర్గవాసులకు లభించే పానీయాన్ని వర్ణిస్తూ, దానివల్ల తలనొప్పి గాని, మతి పోవడం గాని ఉండదని అల్ వాఖిఆ సూరా 19వ ఆయత్ చెబుతుంది. అక్కడి క్రియాపదం ‘సుదాఅ్’, అనగా తలనొప్పి, అనే మాటకు చెందినది. అస్సాఫ్ఫాత్ సూరా 47వ ఆయత్‌లో ఇదే సందర్భంలో ‘గౌల్’ అనే మాట వచ్చింది. దానికి తలనొప్పి అనీ, కడుపునొప్పి అనీ, బుద్ధి నాశనమనీ వ్యాఖ్యాతలు వేరువేరుగా అర్థం చెప్పారు.

ఆ ఆయత్‌లను మొదట విన్నవారిలో మద్యం త్రాగేవారు ఉన్నారు. అప్పటికి నిషేధం లేదు. స్వర్గ పానీయంలో ఏ బాధ ఉండదని చెప్పారో, ఆ బాధ తమ మరునాటి బాధేనని వారికి వేరే వివరణ అవసరం లేకపోయింది. నిషేధాజ్ఞ రాకముందే, నిషేధించబోయే వస్తువు లోపం వారి అనుభవం ద్వారానే వారికి గుర్తు చేయబడిందన్నమాట. ఆజ్ఞ అందిన రోజున మదీనా వీధులలో మద్యం పారిందని హజ్రత్ అనస్ (ర) కథనం. ఆ సమయంలో ఆయన అబూ తల్హా (ర) ఇంట ఖర్జూరపు మద్యం పోసి ఇస్తూ ఉన్నారు. తరువాత తారిఖ్ బిన్ సువైద్ (ర) మందు కోసం తయారు చేస్తానని అడిగినప్పుడు, అది మందు కాదు, రోగమేనని దైవప్రవక్త (స) సమాధానమిచ్చినట్లు సహీహ్ ముస్లిం గ్రంథంలో ఉన్నది.

వైద్యుల పరిశీలన

అబ్బాసీల కాలంలో గ్రీకు వైద్యగ్రంథాలు అరబ్బీలోకి వచ్చినవి. వాటితోపాటు మద్యాన్ని ఔషధంగా, ఆహారంగా చూసే దృష్టి కూడ వచ్చింది. అబూ బకర్ అర్రాజీ (865-925) ఆహారపదార్థాల లాభాలను, వాటి హానికి విరుగుళ్ళను వివరించిన గ్రంథంలో మద్యాన్ని కూడ చర్చించాడు. అబూ జైద్ అల్ బల్ఖీ (850-934) దేహానికీ మనస్సుకూ హితమైన వాటిని చెబుతూ పానీయాల ప్రస్తావనలో దానిని చేర్చాడు. ధర్మశాస్త్రం దేనిని నిషేధించిందో వీరికి తెలియక కాదు. వైద్యుని పని హితాహితాలను చెప్పడం. విధినిషేధాలు ధర్మశాస్త్రానికి చెందినవి. సలాహుద్దీన్ కుమారుడు అల్ అఫ్‌జల్‌కు వైద్య సలహా వ్రాసిన యూదు పండితుడు మూసా బిన్ మైమూన్ (మరణం 1204) ఈ భేదాన్ని స్పష్టంగానే ప్రకటించాడు.

ఇబ్ను సీనా (980-1037) ‘అల్ ఖానూన్ ఫిత్తిబ్’ గ్రంథంలో మితిమీరని మద్యానికి కొన్ని గుణాలు చెప్పాడు. అయితే నిత్యం మత్తులో మునిగి ఉండడాన్ని ఆయన తీవ్రంగా ఖండించాడు. అది కాలేయం, మెదడుల ప్రకృతిని చెడగొడుతుందని, నరాలను బలహీనపరచి నరాల వ్యాధులకు దారితీస్తుందని, పక్షవాతం వంటి హఠాత్తు స్తంభనను, ఆకస్మిక మరణాన్ని తెచ్చిపెడుతుందని హెచ్చరించాడు.

ఇక్కడ కండరాల మాట రాలేదే అన్న సందేహం కలుగవచ్చు. ఆ కాలపు శరీరశాస్త్రంలో ‘అసబ్’ అంటే నరం, ‘అజల్’ అంటే కండరం. నరమూ, బంధనమూ, మాంసమూ కలిసి ఏర్పడినదే కండరమని ఇబ్ను సీనా భావన. ఆ ప్రకారం నరం దెబ్బతింటే కండరం దెబ్బతినక తప్పదు. అందుచేత వణుకు, ఈడ్పు, అవయవాల పట్టు తప్పడం - వీటన్నిటినీ ఆనాటి వైద్యులు నరాల వ్యాధులలోనే చేర్చారు. తెలుగు పల్లెలలో నేటికీ కాలు ఈడ్చినా, పిక్క పట్టినా నరం పట్టిందనే అంటారు. ఆ వాడుకలో ఉన్న భావమే ఆనాటి శాస్త్రంలోనూ కనిపిస్తుంది.

ఆధునిక వైద్యం ఈ బాధను విడదీసి చూసింది. 1822లో బోస్టన్ వైద్యుడు జేమ్స్ జాక్సన్, త్రాగుడువల్ల కాళ్ళు చేతులలో కలిగే తీవ్రమైన నొప్పిని వర్ణించాడు. 1849లో స్వీడన్ వైద్యుడు మాగ్నస్ హుస్ దీర్ఘకాల మద్యపానాన్ని ఒక వ్యాధిగా పేర్కొన్నాడు. 1962లో స్వీడన్ వైద్యులే, త్రాగుబోతులలో హఠాత్తుగా కండరాలు నొప్పెట్టి, వాచి, బలహీనపడే ఒక ప్రత్యేక లక్షణ సముదాయాన్ని వెల్లడించారు. అతిగా త్రాగిన కొందరిలో కండర కణాలు విచ్ఛిన్నమై, అందులోని పదార్థం రక్తంలో కలిసి, మూత్రం ముదురు రంగుకు తిరుగుతుంది. మూత్రపిండాలు కూడ దెబ్బతినవచ్చు. సంవత్సరాల తరబడి త్రాగేవారిలో నొప్పి లేకుండానే తొడల, భుజాల కండరాలు క్షీణిస్తాయి. సామాన్యమైన మరునాటి నొప్పులకు శరీరంలో నీరు తగ్గడం, నిద్ర చెడడం వంటి కారణాలు తోడవుతాయి. ఇబ్ను సీనా నరానికి అంటగట్టిన దోషంలో కొంత నరానిదీ, కొంత కండరానిదీ అని నేడు తేలింది. ఆయన చూచిన రోగి మాత్రం నేటి రోగియే.

ఒక్క విషయం దాచరానిది. రాత్రివేళ చదువుతూ అలసట కమ్మినప్పుడు ఒక గిన్నెడు మద్యం త్రాగి తిరిగి చదువుకు కూర్చునేవాడినని ఇబ్ను సీనా తన స్వీయచరిత్రలో చెప్పుకున్నాడు. మద్యం హానిని అంత స్పష్టంగా వ్రాసిన కలమే ఈ మాట కూడ వ్రాసింది.

ఇద్దరు చక్రవర్తులు

మొగల్ పాదుషాల స్వీయచరిత్రలు ఈ విషయంలో అరుదైన సాక్ష్యాలు. బాబర్ (1483-1530) తన విందుల వృత్తాంతాలను దాచుకోలేదు. ఒక రాత్రి మత్తులో గుర్రమెక్కి విడిదికి చేరిన సంగతి తనకు గుర్తే లేదనీ, మరునాడు ఇతరులు చెబితే తెలిసిందనీ, డేరాకు వచ్చాక ఎంతో వాంతి చేసుకున్నాననీ వ్రాశాడు. 1527లో ఖాన్వా యుద్ధానికి ముందు అతడు మద్యం మానుతున్నట్లు శపథం చేసి, బంగారు వెండి పాత్రలను పగులగొట్టించి పేదలకు పంచిపెట్టాడు. శపథం నిలిచింది, కాని సులభంగా నిలవలేదు. 1529లో మిత్రుడు ఖ్వాజా కలాన్‌కు వ్రాసిన లేఖలో, మద్యగోష్ఠి మీది కోరికతో కంటతడి పెట్టేంత వరకు వచ్చానని ఒప్పుకున్నాడు.

అతని మునిమనుమడు జహంగీరు (1569-1627) కథ వేరు. 18వ ఏట, అటక్ వద్ద విడిదిలో వేట అలసట తీరడానికని ఎవరో సలహా ఇస్తే తొలిసారి త్రాగానని అతడు ‘తుజుకె జహంగీరీ’లో వ్రాశాడు. ఒళ్ళు నొప్పులకు మందుగా మొదలైన వాడుక, ఒళ్ళునే పాడు చేయడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ద్రాక్షసారాయం మత్తెక్కించడం మానగానే అరఖ్‌కు దిగాడు. తొమ్మిదేండ్లలో రెండుసార్లు బట్టీ పట్టిన అరఖ్ రోజుకు 20 గిన్నెలకు చేరింది. పగలు 14, తక్కినవి రాత్రి. తిండి కోడిమాంసం, రొట్టె, ముల్లంగికి పరిమితమైంది. చివరకు చేతి వణుకు వల్ల తన గిన్నె తాను పట్టుకోలేక, ఇతరులు త్రాగించవలసి వచ్చేది.

అప్పుడు అతడు హకీం అబుల్ ఫత్హ్ సోదరుడైన హకీం హుమాంను పిలిపించాడు. ఈ తీరున త్రాగితే ఆరు నెలలలో చికిత్సకు అందని స్థితి వస్తుందని హకీం నిర్మొహమాటంగా చెప్పాడు. రాకుమారునికి అడ్డు చెప్పేవారు లేని చోట ఒక వైద్యుడు చెప్పిన ఆ మాట విలువైనది. జహంగీరు అరఖ్ ఒక పాలుకు ద్రాక్షసారాయం రెండు పాళ్ళు కలిపించి, కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఏడేండ్లకు ఆరు గిన్నెలకు వచ్చాడు. అయితే మద్యం తగ్గిన కొద్దీ నల్లమందు కలిసిన ‘ఫలూనియా’ లేహ్యం పెరిగింది. 1605లో గద్దె ఎక్కగానే జారీ చేసిన పన్నెండు ఫర్మానాలలో మద్యం తయారీని, అమ్మకాన్ని నిషేధించాడు. ఆ నిషేధాన్ని వ్రాస్తూనే, తాను 18వ ఏట నుండి త్రాగుతున్నానని కూడ వ్రాశాడు. 1621లో జబ్బు పడినప్పుడు అతని మద్యం తగ్గించినది నూర్జహాన్ బేగం అని కూడ అతడే నమోదు చేశాడు.

దక్కనులో రెండు మరణాలు

జహంగీరు ఆ మాత్రమైనా నిలదొక్కుకున్నాడు. అతని తమ్ములిద్దరికీ అది సాధ్యం కాలేదు. ఇద్దరూ దక్కను దండయాత్రలకు వచ్చినవారే. అహ్మద్‌నగర్ కోటను చాంద్ బీబీ కాపాడుకున్న ముట్టడిలో మొగల్ సేనకు ముందున్న మురాద్, త్రాగుడుతో శిథిలమై 1599లో జాల్నాపూర్ ప్రాంతంలో మరణించాడు. అతనికి ఇంకా ముప్ఫై ఏండ్లు నిండలేదు. తరువాత పంపబడిన దానియాల్ 1605లో బుర్హాన్‌పూర్‌లో అదే దారి పట్టాడు. అక్బరు కట్టడి చేయించి, ఖానె ఖానాన్ చేత కాపలా పెట్టించాడు. రాకుమారుడు సేవకులను బతిమాలి, తనకు ప్రియమైన తుపాకి గొట్టంలో అరఖ్ పోయించి తెప్పించుకున్నాడు. మందుగుండు మసి, తుప్పు కలిసిన ఆ ద్రవమే అతని చివరి పానీయమైంది. ఆ తుపాకికి ‘యకా ఒ జనాజా’ అనే పేరు పెట్టుకున్నది కూడ అతడే. దాని గురి తగిలినవానికి పాడె తప్పదని భావం.

ఈ సాక్ష్యాల సారాంశం

పై వృత్తాంతాలలో ఎవరికీ జ్ఞానం కొరవడలేదు. ఇబ్ను సీనాకు శాస్త్రం తెలుసు. జహంగీరుకు శాసనం తెలుసు. దానియాల్ చుట్టూ తండ్రి ఆజ్ఞ, కాపలా రెండూ ఉన్నవి. తెలియడం వేరు, మానడం వేరని చరిత్ర చూపుతున్నది. అయితే ఇంతమాత్రాన నిషేధం నిష్ఫలమని తేల్చడం పొరపాటు. బాబరు శపథానికి, జహంగీరు సిగ్గుతో కూడిన ఒప్పుకోలుకు వెనుక నిలిచినది ఆ నిషేధమే. తప్పు అనే భావనే లేని చోట ఎవరూ పాత్రలు పగులగొట్టరు; ఒప్పుకోలూ వ్రాయరు.

దివ్య ఖుర్ఆన్ మద్యంలో లాభం అసలే లేదని చెప్పలేదు. లాభం కంటె పాపం పెద్దదని తూచి చెప్పింది. అటక్ వద్ద వేటాడి అలసిన యువకునికి మొదటి గిన్నె హాయినిచ్చిన మాట నిజం. తొమ్మిదేండ్ల తరువాత అదే గిన్నెను చేత పట్టుకోలేకపోయిన మాట కూడ నిజం. ఆ తూకంలో రెండు వైపులా ఏముండేదో అతడు తన చేతి వ్రాతతోనే తెలియజేశాడు.